మూడవ ఐచ్ఛికం

ఆ రాష్ట్రంలో ప్రభుత్వం ప్రజలను ఆజ్ఞాపించడం మానేసి పదకొండేళ్ళయింది.

ఆజ్ఞ అనాగరికమని ఒక నిపుణుల సంఘం తేల్చింది. ఆజ్ఞకు లోబడినవాడు గొణుగుతాడు. తానే ఎంచుకున్నవాడు తన ఎంపికను తానే సమర్థించుకుంటూ శేషజీవితం గడిపేస్తాడు. కాబట్టి ఇకమీదట ప్రతి నిర్ణయాన్నీ ప్రజలే తీసుకోవాలి. ప్రభుత్వం చేయవలసిందల్లా మూడు ఐచ్ఛికాలున్న కాగితం ఒకటి వారి ముందు పెట్టి, పక్కన దారంతో ఒక పెన్ను కట్టి ఉంచడం.

ఈ సత్యాన్ని కనుగొనడానికి సంఘ సభ్యులు నాలుగు ఖండాలు తిరిగి వచ్చారు. ఏ బట్టల దుకాణం గుమాస్తా అయినా కూర్చున్నచోటు నుంచి కదలకుండా చెప్పగలిగిన సంగతి అది. అతడు ముందు కళ్ళు చెదిరే పట్టుచీర పరిచి, "ఇది మీకు కొంచెం బరువేమోనమ్మా" అంటాడు. తరువాత రంగు వెలిసినదొకటి తీసి, తానే మొహం చిట్లించి పక్కకు విసురుతాడు. ఆపైన, ఆ రెండింటి మధ్యకు, అమ్మదలచిన చీరను మెల్లగా జరుపుతాడు. సంఘం ఈ పద్ధతికి 'త్రిముఖ ప్రతిపాదనా న్యాయం' అని పేరు పెట్టింది. పేరు పెట్టగానే అది శాస్త్రమయింది. శాస్త్రం కాగానే దానికొక భవనం కావలసివచ్చింది.

ఆ భవనమే ప్రజా నిర్ణయ సౌకర్య సంస్థ. పై అంతస్తులో మొదటి ఐచ్ఛికాలు రాసేవారు కూర్చుంటారు. ప్రజలను ఆశతోనే అలసిపోయేలా చేయడం వారి పని. మధ్య అంతస్తులో రెండవ ఐచ్ఛికం ఉంటుంది. దాన్ని ఎవరూ రాయరు. అది పైనుంచి సీలు వేసిన కవరులో వస్తుంది. నేలమాళిగలో, జనరేటరు పక్కన, మూడవ ఐచ్ఛిక విభాగం. చదవగానే మనిషి రెండడుగులు వెనక్కి జరగవలసిన వాక్యాలు అక్కడ తయారవుతాయి. ఆ విభాగానికి ప్రధాన రచయిత పొట్నూరు వైకుంఠరావు.

వైకుంఠరావు తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చేశాడు. మనిషి సంకల్పానికి స్వాతంత్ర్యం ఉందా లేదా అన్న విషయం మీద మూడు వందల పుటల సిద్ధాంత గ్రంథం రాశాడు. ఆ గ్రంథం ఎవరికీ అక్కరలేకపోవడం వల్ల మూడేళ్ళు ఒక చీరల దుకాణంలో పనిచేశాడు. సంస్థ ఇంటర్వ్యూలో అతడి గ్రంథం గురించి ఎవరూ అడగలేదు.

"గిరాకీ లేచి వెళ్ళిపోబోతుంటే మీరేం చేసేవారు?" అని మాత్రం అడిగారు.

"మంచినీళ్ళు తెప్పించేవాళ్ళమండీ. తాగేదాకా లేవలేరు కదా."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉద్యోగం వచ్చింది.

పదకొండేళ్ళలో అతడు ఒక్క అబద్ధం కూడా రాయలేదు. అది అతడి నియమం. చెప్పాలంటే, అతడికి మిగిలిన గర్వమంతా అదే. ఒక ఊరివాళ్ళు తమ గెడ్డ మీద వంతెన కావాలని అడిగినప్పుడు మొదటి ఐచ్ఛికంగా ఆరు వరుసల వంతెన ఇచ్చారు, పని పూర్తయ్యే పద్నాలుగేళ్ళ పాటు రెండు గట్లవారూ ఇళ్ళు ఖాళీ చేయాలన్న షరతుతో. రెండవది, 'ప్రవాహ తీవ్రతను తెలుపు హెచ్చరిక ఫలకము.' మూడవది వైకుంఠరావు రాశాడు: 'తాడు పట్టుకొని ఈదుట. గత వర్షాకాలమున ఈదినవారి పేర్లు పంచాయతీ కార్యాలయపు గోడపై చూడవచ్చును.' నూటికి తొంభై ఒక్కమంది ఫలకాన్ని ఎంచుకున్నారు. దానికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, మిఠాయి పంచుకున్నారు. మొదటి వరదకే ఫలకం కొట్టుకుపోయింది. ఎవరూ గొణగలేదు. తాము అడిగి తెచ్చుకున్న ఫలకం కదా!

గోడ మీద ఆ పేర్లు నిజంగానే ఉన్నాయి. 'నేను చేసింది ఉన్నదాన్ని చూపించడమే. చూసినవాడు ఎటు తిరుగుతాడో అది అతడి స్వాతంత్ర్యం' అని వైకుంఠరావు తనకు తాను చెప్పుకునేవాడు. తత్త్వశాస్త్రం చదివినవాడికి ఒక సౌలభ్యముంది. తన వాదంలోని లొసుగు కనబడనంత దూరంలో కుర్చీ వేసుకోవడం అతడికి తెలుసు.

క్రమంగా ఆ న్యాయం సంస్థలోకే పాకింది. క్యాంటీనులో మూడే పదార్థాలు: గంటసేపు ఆగితే పెసరట్టు, వెంటనే ఉప్మా, లేదా నిన్నటి ఉప్మా. సెలవు అడిగేవారు మూడు కారణాలు రాయాలి. అధికారి మధ్యదాన్ని మంజూరు చేస్తాడు. వైకుంఠరావు ఒకసారి జ్వరమని, మేనల్లుడి పెళ్ళని, విసుగని రాస్తే, జ్వరంతో పెళ్ళికి వెళ్ళవలసివచ్చింది.

నాగులగెడ్డ దస్త్రం ఒక సోమవారం ఉదయం సమావేశానికి వచ్చింది.

"నాగులగెడ్డ ప్రసూతి విభాగము యొక్క భౌగోళిక పునర్వ్యవస్థీకరణ," అని మహాసంచాలకులు కరుణాకర భూపతి గారు గొంతు సవరించుకున్నారు. "అనగా, ప్రస్తుతము అచ్చట ఉన్నటువంటి సేవలు జిల్లా కేంద్రమున ఉండగలవు. దూరము నలభై ఆరు కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు. అయితే దూరము అనునది ఒక మానసిక స్థితి."

వైకుంఠరావు పెన్ను కింద పెట్టాడు. నాగులగెడ్డ అతడి సొంత ఊరు. ఆ ప్రసూతి గదిలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న నర్సు దాలమ్మ అతడి అప్ప. అమ్మ పోయాక అతణ్ణి చదివించింది ఆవిడే. ఆ మాట సంస్థలో ఎవరికీ తెలియదు. బంధుత్వాలు వాక్యాన్ని మెత్తబరుస్తాయని నిబంధనల్లో ఉంది.

"మొదటి ఐచ్ఛికము సిద్ధమా, లలితాంబ గారూ?"

పై అంతస్తు ప్రధాన రచయిత్రి జామి లలితాంబ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "నాగులగెడ్డలోనే అంతర్జాతీయ ప్రమాణములు గల మాతృసౌధము. ఏడు అంతస్తులు, ఉద్యానవనము. నిర్మాణమునకు పన్నెండేండ్లు. అంతవరకు ఈ ప్రాంత దంపతులు సంతానేచ్ఛను స్వచ్ఛందముగా వాయిదా వేసుకొనవలెను."

"అద్భుతం. మూడవది?"

వైకుంఠరావు లేచి నిలబడ్డాడు. "ఉన్నది ఉన్నచోటే ఉంచడం, సార్."

లలితాంబ కళ్ళజోడు తీసి అతడి వైపు చూసింది.

"పద్నాలుగవ నిబంధన మరిచితిరా?" అన్నారు భూపతి గారు, నొచ్చుకున్నట్టుగా. "యథాతథ స్థితి ఐచ్ఛికము కానేరదు. పౌరుడు దానిని ఎంచుకొనలేదు. అందులో ఉన్నాడు. అంతే."

"మరవలేదు సార్. కానీ ఉన్నదాన్నే ఎవరూ తాకనట్టు రాయగలిగితే అంతకు మించిన మూడవ ఐచ్ఛికం ఉండదు. ప్రభుత్వం తీసేసిందని ఎవరూ అనలేరు. తమ చేతిలో ఉన్నదాన్ని తామే కాదన్నారని నివేదికలో రాసుకోవచ్చు."

భూపతి గారి కళ్ళలో తడి మెరిసింది. "తిరస్కార పరాకాష్ఠ!" అన్నారు. "అయితే జుగుప్సా సూచిక డెబ్బైకి తగ్గరాదు. తగ్గినచో ఈ ప్రయోగమును రద్దు చేసెదను."

మెట్లు దిగుతుంటే లలితాంబ పక్కకు వచ్చి, "ఏమిటండీ, నేలమాళిగలో కూర్చుని గుట్టుగా దేశసేవ చేస్తున్నారా?" అంది. ఆమెకు అర్థమయిందో లేదో తెలియలేదు. "జాగ్రత్త. మీ చెయ్యి మంచిది. ఎంత మంచిదో మీకు తెలీదు."

అతడి ఆలోచన మాత్రం తేటగానే ఉంది. ఇంతవరకు పత్రాల్లో ఉన్నవి ప్రజలు ఎరగని వస్తువులు. ఎరగనిదాన్ని మాటతో ఎటైనా తిప్పవచ్చు. ఈ ఆసుపత్రి అలాంటిది కాదు. నాగులగెడ్డ ఆడవాళ్ళు ఆ మంచాల మీద పడుకున్నవాళ్ళు. సంస్థ కళ్ళు కప్పడానికి తాను ఎంత అసహ్యంగా రాసినా, చదవగానే వాళ్ళు తమదాన్ని గుర్తుపడతారు. కాగితం కంటే అనుభవం బలమైనది. మాట అనుభవాన్ని ఓడిస్తుందన్న ఒక్క నమ్మకం మీద పదకొండేళ్ళు జీతం తీసుకున్న మనిషి, ఆ ఒక్కసారికి మాత్రం అది ఓడించదని నమ్మాడు.

ఆ శుక్రవారమే బస్సెక్కి నాగులగెడ్డ వెళ్ళాడు. ప్రసూతి గది వరండాలో గౌరమ్మ అనే ముసలావిడ కూర్చుని ఉంది. పక్కన ఆమె మనవరాలు రాములమ్మ, ఆరో నెల. చుట్టూ నాలుగు మేకలు.

"దాలమ్మ తమ్ముడివి కాదేటి బాబూ? పట్నంలో రాతకోతలు చేస్తావట. ఏటి రాస్తావు?"

"ఆఫీసు కాగితాలు, గౌరమ్మా."

"మరయితే మీ అప్ప గురించి రాయి. నా ముగ్గురు కోడళ్ళకి, ఇద్దరు కూతుళ్ళకి ఈ గదిలోనే పురుళ్ళోసింది. ఒక్క పసిగుంట చెయ్యి జారలేదు. దీనికీ ఈవిడే పోస్తాది."

"ఊరుకో పిన్నీ, దిష్టి తగుల్తాది," అంటూ దాలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటకు వచ్చింది. తమ్ముణ్ణి చూసి నవ్వింది. "చిక్కిపోయావురా. పద, అన్నం తిందువు గాని."

"తరువాత తింటాను. ఒకసారి గది చూపించప్పా."

ఆమె చూపించింది. అతడు చిన్న పుస్తకం తీసి రాసుకుంటుంటే దగ్గరకు వచ్చి తొంగి చూసింది.

"ఏటిరా, మా గది గురించే?"

"ఊ. పైవాళ్ళకి ఒక కాగితం."

దాలమ్మ మొహం వెలిగింది. "అయితే సరిగ్గా రాయి. ఇదిగో, ఈ గోడ పెచ్చు చూసుకో. ఆ మూల ఇంకోటి. మంచాలు ఆరుంటే నాలుగు కిర్రుమంటాయి. డాక్టరు గారు వారానికి రెండు రోజులే. ఏటీ దాచకు. చదివితే సున్నమన్నా వేయిస్తారు."

ఏదీ దాచలేదు వైకుంఠరావు. భోజనం దగ్గర ఆమె కళ్ళజోడు పెట్టుకుని చేపముల్లు ఏరి అతడి పళ్ళెంలో వేస్తుంటే, "చూపు తగ్గిందా అప్పా?" అని అడిగాడు.

"దూరం బానే ఆనుతాది. సూదిలో దారం ఎక్కించాలంటేనే జోడు కావాలి. యాభై ఆరొచ్చాయి, ఆమాత్రం ఉండదేటి?"

తిరిగి వచ్చి మొదటి ప్రతి రాశాడు. సంస్థ నియమం ప్రకారం దాన్ని పన్నెండుమందికి వినిపించి, వారి మొహాల్లో కదలికను కొలిచారు. సూచిక యాభై ఎనిమిది. మేకలను చేర్చాడు. అరవై నాలుగు. కాగితం వెనక్కి వచ్చింది. పైన భూపతి గారి చేతిరాత: 'వస్తువులు చాలవు. మనిషి కావలెను.'

డెబ్బైకి తగ్గితే ఆ ఐచ్ఛికమే ఉండదు. ఐచ్ఛికం లేకపోతే ఆసుపత్రి లేదు. వైకుంఠరావు రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాడు. మూడవ రోజు రెండు వాక్యాలు చేర్చాడు. సూచిక ఎనభై మూడుకు లేచింది. క్యాంటీను వంటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుందని పరీక్షాధికారి ప్రత్యేకంగా నమోదు చేశాడు.

'పాత భవనమునందే కొనసాగుట. గోడలు రెండుచోట్ల పెచ్చులూడినవి. మంచములు ఆరు, నాలుగు కదిలినప్పుడెల్ల శబ్దము చేయును. వరండాలో మేకలు తిరుగును. వైద్యుడు వారమునకు రెండు దినములు వచ్చును. తక్కిన దినములలో ప్రసవములు జరుపునది ఏబది ఆరేండ్ల నర్సు ఒకతె. కళ్ళజోడు లేనిదే ఆమె సూదిలోనికి దారము ఎక్కించలేదు.'

ఇందులో అబద్ధం లేదు. అతడు మూడుసార్లు చదివి చూసుకున్నాడు.

ఎంపిక దినాన నాగులగెడ్డ హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. ఐచ్ఛిక పత్రాలు చదివి వినిపించడానికి సంస్థ నుంచి ఒక వాచకుడు వచ్చాడు. అతడి ప్రతిలో గొంతుకు కూడా ఆదేశాలుంటాయి: మొదటిది వేగంగా, రెండవది చిరునవ్వుతో, మూడవది తల వంచుకుని. పత్రంలో రెండవ ఐచ్ఛికం ఎదుట లేత రంగులో టిక్కు ముందే అచ్చువేసి ఉంది. పౌరుల చేతికి శ్రమ తగ్గించడానికి. దాని మీదుగా పెన్ను పోనిస్తే చాలు.

"కొండల నడుమ ఆహ్లాదకరమైన ప్రయాణము," అని వాచకుడు చిరునవ్వు నవ్వాడు. "అనంతరము జిల్లా కేంద్రమందలి నూతన ప్రసూతి కేంద్రమున సేవలు. వాహనము మీ ఇంటి ముంగిటికే వచ్చును."

"ఇంటి ముంగిటికే బండొస్తాదంట మామ్మా," అంది రాములమ్మ. ఆమె జన్మలో ఏదీ ఇంటి ముంగిటికి రాలేదు.

వాచకుడు తల వంచుకుని మూడవది చదివాడు. ఆడవాళ్ళలో ఒక గుసగుస లేచింది. వరుసలో నిలబడ్డ వైకుంఠరావు ఆ క్షణం కోసమే ఎదురు చూస్తున్నాడు. ఇప్పుడు గుర్తుపడతారు. ఇప్పుడు నవ్వుతారు.

గౌరమ్మ అతడి వైపు తిరిగింది. "ఏటి బాబూ, ఆ పాడుకొంప ఎక్కడిది?"

"అదే మన ఆసుపత్రి, గౌరమ్మా!"

"సాల్లే సెప్పొచ్చావు. మన ఆసుపత్రి నాకు తెల్దా? ఇది మరెక్కడిదో. మేకలంట, కళ్ళు కనపడని నర్సంట. సీ!"

"వరండాలో మేకలు తిరగవా?"

"తిరక్కేం? నా మేకలే. అయితే మాత్రం, కాయితంలో రాసీలాగుంటాయేటి అవి?"

"కాదు గౌరమ్మా, విను. గోడ పెచ్చూడలేదూ? మంచాలు కిర్రుమనవూ? నువ్వు చూసినవే కదా ఇవన్నీ?"

ఆమె క్షణం ఆలోచించింది. అతడి కళ్ళ ముందే ఆ ముసలి మొహంలో ఏదో మారింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న గోడను ఆమె మొదటిసారి ఆ కాగితంలోంచి చూస్తోంది.

"అవున్రోయ్," అంది మెల్లగా. "అలాటి చోటేటి మావు పురుళ్ళోసుకున్నాం?"

వైకుంఠరావు వరుసలోంచి బయటకు వచ్చాడు. "మూడోదానికే పెట్టండమ్మా!" అని గట్టిగా అన్నాడు. "అందరూ వినండి. మూడోదానికి పెట్టకపోతే మీ ఆసుపత్రి ఉండదు!"

సంస్థ పరిశీలకులు ఇద్దరు పరుగున వచ్చి అతడి రెండు చేతులూ పట్టుకున్నారు. "తమరు మన శాఖవారై ఉండి ఇదేమి, సార్? పౌరుల స్వేచ్ఛా నిర్ణయమును ప్రభావితము చేయుట శిక్షార్హము. ఎంపిక స్థలమునకు వంద మీటర్ల లోపున ఎవ్వరును ఎవ్వరికిని సలహా చెప్పరాదు."

అతణ్ణి గేటు బయట టీ దుకాణం బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. అతడు తాగేలోగా ఎంపిక ముగిసింది.

పత్రాలు నాలుగు వందల పన్నెండు. మొదటి ఐచ్ఛికానికి తొమ్మిది, అందరూ పెళ్ళికానివారే. రెండవదానికి నాలుగు వందల మూడు. మూడవదానికి సున్న.

సున్న అన్న మాటను అతడు మళ్ళీ చదివాడు. దాలమ్మ కూడా ఆ రోజు పత్రం నింపింది.

ఎంపిక స్థలంలో జరిగినదాన్ని భూపతి గారు 'రచయిత యొక్క సహజ భావోద్వేగము' కింద మన్నించారు. మన్నించక తప్పదు, అలాంటి ఫలితం సంస్థ చరిత్రలో లేదు. నెల తిరగకముందే 'ఉత్తమ తిరస్కృత రచన' పురస్కారం ప్రకటించారు. సభలో ఆ ఏడు వాక్యాలనూ భూపతి గారు స్వయంగా చదివారు. మేకల దగ్గర నవ్వులు, సూదిలో దారం దగ్గర చప్పట్లు.

"ఇది ఊహతో వ్రాయబడినది కాదు," అన్నారాయన. "ప్రతి అక్షరము సత్యము. సత్యమును చూపి, ఆ సత్యము నుండియే ప్రజలను విముక్తులను చేయుట! ఇంతకు మించిన ప్రజాస్వామ్యము నేనెరుగను."

శాలువా కప్పుతుంటే ముందు వరుసలోంచి లలితాంబ అతణ్ణే చూస్తోంది. ఆమె చప్పట్లు కొట్టలేదు. దిగి వచ్చాక, "చెప్పానుగా, మీ చెయ్యి మంచిదని," అని మాత్రం అంది.

ప్రసూతి గదికి తాళం వేశారు. దాలమ్మను తదుపరి ఉత్తర్వుల వరకు ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆమె పోస్టింగు కోరుతూ మూడు ఊళ్ళ పేర్లు రాసిచ్చింది. సంస్థ వారు మధ్యదాన్ని పరిశీలిస్తున్నారు.

మరో మూడు నెలలకు ఒక ఆదివారం, రమ్మని ఆమె కబురు పెడితే వైకుంఠరావు వెళ్ళాడు. అరుగు మీద గౌరమ్మ ఉంది. మేకలు లేవు. ఒళ్ళో ఒక కాగితం. దాలమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

బండి ఇంటి ముంగిటికే వచ్చింది. అందులో అబద్ధం లేదు. పదకొండో మలుపు దగ్గర రాములమ్మకు నొప్పులు ఆగలేదు. డ్రైవరు బండి పక్కకు తీశాడు. పిల్ల బండిలోనే పుట్టింది. పద్దెనిమిదో మలుపు దాకా బతికింది. తల్లి ఇంకా జిల్లా ఆసుపత్రిలోనే ఉంది.

"కాయితం ఇచ్చారు బాబూ," అంది గౌరమ్మ. "దేనివల్ల పోయిందో మమ్మల్నే సెప్పమన్నారు. సదువుకున్నోడివి, సూడు."

అతడు చదవకుండానే ఆ పత్రం గుర్తుపట్టాడు. ఆరేళ్ళనాటి రచన. మొదటిది, దైవనిర్ణయము. దీనిని ఎంచుకొనువారు దైవముపై ఫిర్యాదు లేదని హామీపత్రము జతపరచవలెను. రెండవది, ప్రయాణపు బడలిక. మూడవది, వైద్య సౌకర్య లోపము. ఏడుగురు ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలములతో.

"ఆ మూడోదే నిజం బాబూ. దాలమ్మ దగ్గరుంటే పిల్ల బతికేది. అయితే బండిలో మావు ముగ్గురమే ఉన్నాం. డ్రైవరుతో నలుగురు. ఏడుగురిని ఎక్కణ్ణించి తెస్తాం?"

ఏడుగురు అన్నది అతడు పెట్టిన సంఖ్యే. ఆరయితే కొంతమంది తెచ్చేస్తున్నారని అప్పట్లో ఒకటి పెంచాడు.

గౌరమ్మ అతడి జేబులోంచి పెన్ను తనే తీసుకుంది. అక్షరాలు రాకపోయినా టిక్కు పెట్టడం ఈ పదకొండేళ్ళలో ఆమెకు బాగా అలవాటయింది. రెండోదాని మీద పెట్టి, కాగితం మడిచి బొడ్లో దోపుకుని, లేచి వెళ్ళిపోయింది.

దాలమ్మ లోపలి నుంచి ఒక తెల్లకాగితం, కవరు తెచ్చింది.

"నాకో ఉత్తరం రాసిపెట్టాల్రా."

"ఎవరికి?"

"మా గది గురించి ఆ కాయితంలో రాసినాయనకి. నేను చెప్తాను, నువ్వు రాయి. అడ్డు రాకు. సొంతంగా ఒక్క ముక్క కలపకు."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఎదురుగా చూస్తూ చెప్పింది. అతడు రాశాడు.

"అయ్యా. నాగులగెడ్డ నర్సు దాలమ్మ రాయించే ఉత్తరం. మీరు రాసినవన్నీ నిజమే. గోడలకి పెచ్చులూడాయి. నేనే చూపించాను, సున్నం వేయిస్తారని. మంచాలు కిర్రుమంటాయి. ఏ మంచం మీద మనిషి కదిలిందో ఆ చప్పుడికే నాకు తెలిసేది. మేకలు వస్తాయి. గౌరమ్మ మేకలవి. పురిటికి వచ్చిన ప్రతి పిల్లకీ ఆవిడ తోడు కూర్చునేది; ఆవిడ వెంట అవి వచ్చేవి. కళ్ళజోడు లేకపోతే నాకు సూదిలో దారం ఎక్కదు. జోడు పెట్టుకుంటే ఎక్కుతుంది. ఆ మాట మీరు రాయలేదు."

ఆమె ఆగింది. అతడి చెయ్యి కూడా ఆగింది.

"రాయి. ఇరవై ఆరేళ్ళలో పంతొమ్మిది వందల పైచిలుకు పురుళ్ళు పోశాను. ఆ మాటా రాయలేదు. మీ కాయితం చదివాక నాకు నా గది అంటే సిగ్గేసింది. ఇలాటి చోటా ఇన్నాళ్ళూ ఆడపిల్లల్ని పడుకోబెట్టాను అనిపించింది. నేనూ రెండోదాని మీదే టిక్కు పెట్టాను. అందుకని తప్పు మీ ఒక్కరిదే అనను. కానీ నాకు జోడు ఉందని మీకు తెలుసు. ఇట్లు, దాలమ్మ."

అతడు కాగితం ఇచ్చాడు. ఆమె జోడు పెట్టుకుని, వేలు కింద పెట్టి, ప్రతి అక్షరం చదివి, తన పేరు పక్కన సంతకం చేసింది. మడిచి కవరులో పెట్టింది. కవరు మళ్ళీ అతడి ముందుకు జరిపింది.

"పేరు రాయి. మీ ఆఫీసులో ఎవరు రాస్తారో నీకు తెలీకుండా ఉండదు."

వైకుంఠరావు పెన్ను పట్టుకున్నాడు. ఇంతకాలం ప్రతి వాక్యానికీ అతడి చేతిలో మరో రెండు దారులుండేవి. ఈ కవరు మీద ఒక్క గీతకు మాత్రమే చోటుంది. ఇంటిపేరు రాశాడు. పేరు రాశాడు. కింద, మూడవ ఐచ్ఛిక విభాగం, అని రాశాడు. రాసి, కవరు ఆమె వైపు తిప్పాడు.

దాలమ్మ దాన్ని చూసింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

"అలగయితే స్టాంపు దండగ," అని ఆ కవరు అతడి చేతిలోనే పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.